మొలలే అనుకుని ఊరుకోకండి

అందరికీ నమస్కారం. ఈ రోజు మాట్లాడబోయేది పెద్దపేగు క్యాన్సర్ గురించి, అన్నం తింటూ వినే విషయం కాదు. అయినా చివరిదాకా వినండి, వీలైతే ఇంట్లో పెద్దవాళ్లకు కూడా వినిపించండి.

మోషన్‌లో రక్తం పడితే మనలో చాలామంది ఎవరికీ చెప్పుకోరు. మా పెదనాన్న కూడా చెప్పలేదు. ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటారు. మూడేళ్ల కిందటి మాట, అప్పటికి ఆయనకు 61 ఏళ్లు. మొదటిసారి రక్తం కనిపించిన రోజు "వేడి చేసింది" అనుకుని మజ్జిగ తాగారు. తగ్గలేదు. మెడికల్ షాపులో అడిగి పైల్స్ ట్యూబు తెచ్చుకున్నారు. ఆ తర్వాత ఆపరేషన్ లేకుండా మొలలు తగ్గిస్తామన్న పోస్టర్ ఒకటి చూసి అక్కడికి వెళ్లారు. వాళ్లు పరీక్షేమీ చేయకుండా పొడి పొట్లాలు చేతిలో పెట్టారు. అలా ఎనిమిది నెలలు గడిచాయి. బెల్టుకు ఇంకో కన్నం పెట్టించుకు రమ్మని అన్నయ్యకు ఇచ్చినప్పుడు గానీ పెద్దమ్మకు అనుమానం రాలేదు.

చివరికి ఒక సర్జన్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన గ్లవ్ వేసుకుని మలద్వారంలో వేలితో పరీక్ష చేశారు. నిమిషం కూడా పట్టలేదు. వేలికి గడ్డ తగిలింది. తర్వాత కొలనోస్కోపీ చేసి, అంటే మలద్వారం గుండా కెమెరా ఉన్న సన్నటి గొట్టం పంపి పెద్దపేగు లోపల చూసి, ముక్క తీసి పరీక్షకు పంపితే, మలాశయం (పెద్దపేగు చివరి భాగం) క్యాన్సర్ అని తేలింది. ఆ నిమిషం పరీక్ష మొదటి నెలలోనే ఎవరైనా చేసి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

రక్తం పడిన ప్రతివాళ్లకూ క్యాన్సర్ అని నేను అనడం లేదు. ఎక్కువమందికి మొలలో, ఫిషరో (మలద్వారం దగ్గర చీలిక) అయి ఉంటుంది. కానీ మొలలున్న మనిషికి క్యాన్సర్ రాకూడదని ఎక్కడా లేదు. రెండూ ఒకేసారి ఉండొచ్చు. రక్తం రంగు చూసి ఇంట్లో తేల్చుకునే విషయం కాదిది.

అసలు లోపల ఏం జరుగుతుందో చెప్తాను. పెద్దపేగు దాదాపు ఐదడుగుల పొడవు ఉంటుంది. ఒంటి మీద పులిపిరి లేచినట్టే దాని లోపలి పొర మీద చిన్న బుడిపె లేస్తుంది. దాన్ని పాలిప్ అంటారు. చాలా పాలిప్‌లు ఏ హానీ చేయవు. కొన్ని మాత్రం మెల్లగా మారుతూ క్యాన్సర్ అవుతాయి. అందుకు మామూలుగా పదేళ్ల దాకా పడుతుంది. పదేళ్లండీ! కొలనోస్కోపీలో పాలిప్ కనబడితే చాలాసార్లు అప్పుడే, అక్కడే, సన్నటి తీగ ఉచ్చు వేసి తీసేస్తారు. అంటే ఈ జబ్బును రాకముందే ఆపే వీలుంది.

గడ్డ ఎక్కడుందనే దాన్ని బట్టి లక్షణాలు మారతాయి. ఎడమవైపుకు వచ్చేసరికి మలం గట్టిపడి ఉంటుంది కాబట్టి గడ్డ దానికి అడ్డం పడుతుంది. కొత్తగా మలబద్ధకం మొదలవుతుంది, లేదా ఒకరోజు బిగుసుకుపోయి ఇంకోరోజు విరేచనాలవుతాయి. మలం సన్నగా వస్తుంది. మలాశయంలో ఉంటే, వెళ్లొచ్చిన వెంటనే ఇంకా మిగిలిపోయిందనిపించి మళ్లీ మళ్లీ వెళ్లాలనిపిస్తుంది. మూడు నాలుగు వారాలైనా ఇలాగే ఉంటే ఇక ఆగొద్దు.

కుడివైపు గడ్డ ఇంకా మోసం చేస్తుంది. అక్కడ మలం పల్చగా ఉంటుంది కాబట్టి దారికి అడ్డం వచ్చినట్టే తెలియదు. రక్తం కంటికి కనిపించనంత కొంచెం కొంచెంగా పోతుంటుంది. మనిషికి మెట్లెక్కితే ఆయాసం, ఒళ్లంతా నీరసం. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8 అని వస్తుంది. "రక్తం తక్కువుంది, దానిమ్మ తిను, ఐరన్ మాత్రలు వేసుకో" అంటాం. మాత్రలు వేసుకోవాలి, నిజమే. కానీ యాభై దాటిన మగవాళ్లలో, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో ఐరన్ తగ్గిందంటే, ఆ రక్తం ఎటు పోతోందో వెతకాల్సిందే. దయచేసి ఈ ఒక్క మాట మీ అమ్మానాన్నల కోసం గుర్తుపెట్టుకోండి.

ఇది ముసలివాళ్ల జబ్బులే అనుకునే మాదాపూర్, గచ్చిబౌలి ఉద్యోగులకు కూడా ఒక మాట. హాలీవుడ్ నటుడు చాడ్విక్ బోస్‌మన్ 2020లో ఈ క్యాన్సర్‌తోనే చనిపోయారు. అప్పటికి ఆయనకు 43 ఏళ్లు. చిన్న వయసులో కేసులు పెరగడం చూసే అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 2018లో స్క్రీనింగ్, అంటే ఏ లక్షణం లేకపోయినా ముందుగానే చేయించుకునే పరీక్షలు, మొదలుపెట్టాల్సిన వయసును 50 నుంచి 45కి తగ్గించింది.

కొలనోస్కోపీ అంటే భయం, సిగ్గు రెండూ ఉంటాయి. నిజానికి కష్టమంతా ముందు రోజే. మందు కలిపిన నీళ్లు లీటర్ల కొద్దీ తాగాలి, బాత్రూం చుట్టూ తిరగాలి. పరీక్షప్పుడు మత్తు ఇస్తారు, అరగంట అటూ ఇటూగా అయిపోతుంది. డబ్బు గురించి భయపడేవాళ్లు రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లొచ్చు, అది ప్రభుత్వానిదే. ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ చికిత్స ఉంది.

తొందరగా దొరికితే ఎంత తేడానో అమెరికా లెక్కలు చెప్తాయి. పేగు దాటకముందే దొరికినవాళ్లలో 100కి సుమారు 90 మంది ఐదేళ్ల తర్వాత కూడా బతికుంటున్నారు. లివర్‌కో, ఊపిరితిత్తులకో పాకాక దొరికితే ఆ సంఖ్య 15 దగ్గరికి పడిపోతుంది.

పెదనాన్నకు రేడియేషన్ ఇచ్చి, తర్వాత ఆపరేషన్ చేశారు. కొన్ని నెలలు మలం బయటికి రావడానికి పొట్టకు సంచి ఉంది, ఇప్పుడు తీసేశారు. చెకప్‌లకు వెళ్తున్నారు, పొద్దున్నే వాకింగ్ చేస్తున్నారు. అమ్మానాన్నల్లోనో తోబుట్టువుల్లోనో ఒకరికి ఈ క్యాన్సర్ వస్తే, మిగతావాళ్లు 40 ఏళ్లకే, లేదా ఆ మనిషికి జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందే, ఏది ముందైతే అప్పుడు, కొలనోస్కోపీ మొదలుపెట్టాలని డాక్టర్లు చెప్తారు. మా అన్నయ్యకు వచ్చే నెల 40 నిండుతాయి. డేట్ తీసుకున్నాడు. మత్తు ఇస్తారు కాబట్టి ఆ రోజు బండి నడపకూడదు. ఇంటికి తీసుకొచ్చేది నేనే.