మొండి ముక్కు, వెడల్పు తోక: మన చిన్న కెరటాల మీద మినీ సిమన్స్‌తో నాలుగు నెలలు

నమస్కారమండీ. ఇప్పుడు టైమ్ ఉదయం ఐదూ నలభై. నా వెనకాల ఉన్నది విశాఖపట్నంలోని లాసన్స్ బే. కెరటం ఎంతుందో మీరే చూడండి. అక్కడ నిలబడ్డ కుర్రాడికి మోకాలి దాకా వస్తోంది, అప్పుడప్పుడు తొడ దాకా. ఇలాంటి రోజున సర్ఫింగ్ చేసేవాళ్ళు నీళ్ళ వైపు ఒకసారి చూసి, టీ తాగేసి ఇంటికెళ్ళిపోతారు. నేను కూడా ఆరేళ్ళ పాటు అలాగే వెళ్ళిపోయాను. ఈ నాలుగు నెలల్లో మాత్రం నీళ్ళలో దిగకుండా ఒక్కసారి కూడా వెనక్కి వెళ్ళలేదు. దానికి కారణం నా చేతిలో ఉన్న ఈ సర్ఫ్‌బోర్డు. దీన్ని మినీ సిమన్స్ అంటారు.

ఒక విషయం ముందే చెప్పేస్తాను. దీనికి నేను డబ్బు కట్టలేదు. తమిళనాడు తీరంలో చేత్తో బోర్డులు చేసే ఒక చిన్న వర్క్‌షాప్ వాళ్ళు సంక్రాంతి వెళ్ళిన వారం పంపించారు. వీడియో చేయమని అడిగారు. ఏం చెప్పాలో వాళ్ళు చెప్పలేదు, ఈ వీడియో వాళ్ళకి ముందుగా చూపించడమూ లేదు. కొలతలన్నీ ఇప్పుడే చదవను. పొడవు 5 అడుగుల 2 అంగుళాలు, ఘనపరిమాణం 34 లీటర్లు. ఈ రెండూ గుర్తుంటే చాలు. నా బరువు 58 కిలోలు, అదీ గుర్తుంచుకోండి. మీ బరువు వేరైతే లెక్క మారిపోతుంది.

నేను ఎక్కువసేపు మాట్లాడాలనుకున్నది దీని తోక గురించి. ఇదిగో టేపు. చివరి నుంచి 12 అంగుళాలు లోపలికి వచ్చి అడ్డంగా కొలుస్తున్నాను. 17 అంగుళాల ముప్పావు. ఇప్పుడు నా పాత బోర్డు, త్రస్టర్. అడుగున తోక దగ్గర చేప రెక్కల్లాంటివి ఉంటాయి, వాటిని ఫిన్లు అంటారు. అవి మూడుంటే త్రస్టర్. అదే చోట 14 అంగుళాలు. నాలుగు అంగుళాలు కూడా లేని తేడాతో ఏమవుతుంది అనిపిస్తుంది. నాకూ అనిపించింది.

చిన్న కెరటంలో తోపు తక్కువ. మనం లేచి నిలబడగానే బరువులో చాలా భాగం వెనక కాలి మీద పడుతుంది. ఆ కాలి కింద బోర్డు సన్నగా ఉంటే తోక నీళ్ళలోకి దిగిపోతుంది. దిగిన తోక నీళ్ళని ఈడుస్తుంది, ఈడుస్తుంటే వేగం పోతుంది, ఈలోగా కెరటం మనల్ని దాటి ఒడ్డుకి వెళ్ళిపోతుంది. అదే తోక వెడల్పుగా ఉంటే ఆ కాస్త నీరే కింద నుంచి మోస్తుంది. బోర్డు నీళ్ళని తోసుకుంటూ పోవడం మానేసి నీళ్ళ మీద జారడం మొదలుపెడుతుంది. చిన్నప్పుడు చెరువులో పెంకులు విసిరి ఆడుకున్నాం కదా. పల్చటి పెంకు కప్పగంతులు వేసుకుంటూ అవతలి గట్టు దాకా పోయేది. గుండ్రాయి వేస్తే బుడుంగున మునిగేది. ఇక్కడా అదే సంగతి.

రెండోది, అడుగు చదును. బోర్డుని నేల మీద పెడతాను, ముక్కు కింద ఖాళీ చూడండి. నా నాలుగు వేళ్ళు కూడా పట్టడం లేదు. త్రస్టర్ ముక్కు ఇంకా పైకి వంగి ఉంటుంది, కింద ఖాళీ ఇంతకంటే ఎక్కువ. ఈ వంపునే రాకర్ అంటారు. నిటారుగా లేచే కెరటంలో ముక్కు గుచ్చుకోకుండా కాపాడేది ఆ వంపే. మన మోకాలెత్తు కెరటంలో మాత్రం అది వేగాన్ని తినేస్తుంది.

ఈ ఆకారం ఎవరిదో కూడా చెప్పాలి, ఎందుకంటే నాకు ఆ మనిషంటే చాలా గౌరవం. బాబ్ సిమన్స్, కాలిఫోర్నియా ఆయన. అక్కడి కాల్టెక్ అనే పేరున్న సాంకేతిక విద్యాసంస్థలో చదువుకున్నాడు. వేగంగా పోయే పడవల అడుగు ఎలా ఉంటుందో, నీళ్ళ మీద తేలికగా జారడానికి ఏం కావాలో ఆ లెక్కలు తీసుకొచ్చి 1940ల చివర్లో సర్ఫ్‌బోర్డులకి పెట్టాడు. వెడల్పు తోక, రెండు ఫిన్లు అలా వచ్చాయి. ఆయన బోర్డులు పది అడుగుల పొడవుండేవి. 1954లో శాన్ డియేగో దగ్గర విండన్‌సీలో సర్ఫింగ్ చేస్తూనే చనిపోయాడు. యాభై ఏళ్ళు దాటాక, 2006 ప్రాంతంలో అదే శాన్ డియేగోలో ఆ బోర్డుని సగానికి సగం కుదించి చేశారు. అదే మినీ సిమన్స్. ఈ మధ్యలో 1967లో అక్కడే స్టీవ్ లిస్ అనే కుర్రాడు మోకాళ్ళ మీద కూర్చుని తొక్కడానికి చేప తోకలా చీలిన పొట్టి బోర్డు చేశాడు. మనం ఫిష్ అంటున్నది దాన్నే. పొట్టిగా, వెడల్పుగా, రెండు ఫిన్లతో ఉండే బోర్డులన్నిటికీ ఈ ఇద్దరే పెద్దలు.

మరి త్రస్టర్? 1981లో సైమన్ ఆండర్సన్ మూడు ఫిన్ల బోర్డుతో ఆస్ట్రేలియాలోని బెల్స్ బీచ్ పోటీ గెలిచాక ప్రపంచమంతా అటు తిరిగింది. ఆ పోటీలో కెరటాలు చాలా పెద్దవి. అది గొప్ప బోర్డు, నేను కాదనను. అయితే జోడుగుళ్ళపాలెంలో ఫిబ్రవరి నెల కెరటం మీద దాన్ని తొక్కి నేను మూడేళ్ళు పోగొట్టుకున్నాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 6 అడుగులు, 27 లీటర్లు. వీడియోల్లో అందరి చేతుల్లోనూ అదే కనబడేది కాబట్టి అదే సరైనది అనుకున్నాను. కెరటం అందేది కాదు, అందినా లేచి నిలబడేలోపు ఆగిపోయేది. చేతుల్లో బలం లేదనుకుని జిమ్‌లో చేరాను. బరువెక్కువనుకుని అన్నం తగ్గించాను. రుషికొండలో ఒకరోజు ఒడ్డున కూర్చుని ఏడ్చాను కూడా. ఆ రోజు నాకు ఎవరైనా నీ తప్పేమీ లేదమ్మా, బోర్డు తప్పు అని చెప్పి ఉంటే ఎంత బాగుండేది. ఈ వీడియో చేస్తున్నది ముఖ్యంగా అందుకే. ఇప్పుడు ఆ స్థితిలో ఉన్నవాళ్ళు ఎవరైనా చూస్తున్నారేమోనని.

ఒక్కసారి పోల్చండి. ఈ బోర్డు దానికంటే 10 అంగుళాలు పొట్టి. అయినా 7 లీటర్లు ఎక్కువ. పొట్టి బోర్డంటే మునిగిపోయే బోర్డు అని చాలామంది అనుకుంటారు. పొడవులో తీసేసింది వెడల్పులో, మందంలో తిరిగి పెట్టారు.

మధ్యలో ఫిష్ కూడా తొక్కాను. 5 అడుగుల 6 అంగుళాలు, 30 లీటర్లు. అది నన్ను సగం దారి తీసుకొచ్చింది. నడుమెత్తు కెరటంలో ఈరోజుకీ అదే ముద్దుగా ఉంటుంది. మోకాలెత్తుకి దిగితే దానికీ ఊపిరి సరిపోదు.

ఇప్పుడు ఫిన్లు. ఇవి కీల్ ఫిన్లు, అర్ధచంద్రాకారం. మామూలు ఫిన్ మొదలు నాలుగున్నర అంగుళాలుంటే దీని మొదలు 9 అంగుళాలు. లోతు మాత్రం దాదాపు అంతే. అందుకని ఇది కెరటం వెంట పట్టాలెక్కిన బండిలా తిన్నగా పోతుంది. త్రస్టర్ మీద వేగం కావాలంటే మోకాళ్ళు వంచి, లేచి, వంచి, ఒంటితో పంపు కొడుతూనే ఉండాలి. దీని మీద ఊరికే నిలబడండి. మొదటి రోజు నేను అలవాటు ప్రకారం పంపు కొట్టి కెరటం కంటే ముందుకెళ్ళిపోయాను, వెనక తోపు లేక ఆగిపోయాను. రెండో రోజు చేతులు వదిలేసి నిలబడ్డాను. కెరటం పక్కగోడ వెంట అలా వెళుతూనే ఉన్నాను. నీళ్ళు బోర్డు కింద చిన్నగా చప్పుడు చేస్తున్నాయి. ఫోన్ వీడియోల్లో లెక్కపెట్టుకున్నాను, త్రస్టర్ మీద నా రైడ్ ఎక్కువసార్లు మూడు సెకన్లు. దీని మీద ఎనిమిది, తొమ్మిది. ఒకసారి పద్నాలుగు. మన ఊళ్ళో, మోకాలెత్తు కెరటం మీద పద్నాలుగు సెకన్లండీ!

పెదజాలరిపేట తాత ఒకాయన రోజూ వల బాగుచేసుకుంటూ నన్ను చూస్తుంటాడు. మొదటి రోజు బోర్డు చూసి, “ఏటమ్మా, తోక కోసీసినారేటి?” అని అడిగాడు. వారం తర్వాత ఆయనే పిలిచి, “తెప్పా అంతే కదమ్మా, ఎనకాల ఎడల్పుంటేనే కెరటం తోస్తాది” అన్నాడు. నేను ఇంతసేపు టేపు పట్టుకుని చెప్పింది ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు. అక్కడి పిల్లలు విరిగిన చెక్క ముక్క మీద పడుకుని ఒడ్డుకి జారుతూ వస్తారు, చూశారా? ఆ చెక్కకి ముక్కు లేదు, వంపు లేదు. అది కూడా ఇలాంటిదే.

ఇక నాకు కోపం తెప్పించిన సంగతి. ఈ ఫిన్లు ఊడిరావు. బోర్డుకి ఫైబర్ గుడ్డతో శాశ్వతంగా అతికించేశారు. నీళ్ళలో అది చాలా బాగుంటుంది, ఎక్కడా కదలిక ఉండదు. ఇంట్లో, బండి మీద, బస్సులో మాత్రం ప్రతిరోజూ టెన్షనే. స్క్రూతో బిగించే ఫిన్ విరిగితే కొత్తది పెట్టుకుంటాం. ఇది దెబ్బతింటే బోర్డు కూడా చీలుతుంది. పదో వారంలో అదే జరిగింది. ఆర్కే బీచ్ వైపు ఒడ్డు వాలు ఎక్కువ, కెరటం ఒడ్డు మీదే విరుచుకుపడుతుంది. నేను సమయానికి దూకలేదు, బోర్డు వెళ్ళి ఇసుకలో గుచ్చుకుంది. ఎడమ ఫిన్ మొదట్లో పగులు వచ్చింది.

దీన్ని బాగుచేసే పద్ధతి గురించి తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్ళో ఇక్కడే బోర్డులు పాడైపోతున్నాయి. ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల ఫైబర్ బోట్లు బాగుచేసేవాళ్ళు ఉన్నారు, పని చక్కగా చేస్తారు. ఫైబర్ గుడ్డని అతికించి గట్టిపడే జిగురుని రెజిన్ అంటారు. వాళ్ళ దగ్గర సాధారణంగా ఉండేది పాలియెస్టర్ రెజిన్. ఈ బోర్డు లోపల ఉన్నది ఇపిఎస్, అంటే మన థర్మాకోల్ జాతి. పాలియెస్టర్ రెజిన్‌లో ఉండే స్టైరీన్ దాన్ని కరిగించేస్తుంది. ఇదిగో, టీవీ డబ్బాలోని థర్మాకోల్ ముక్క మీద ఒక చుక్క వేస్తున్నాను. చూడండి, గుంట పడిపోతోంది. మీ బోర్డు లోపల కూడా ఇదే జరుగుతుంది, పైకి కనబడదు. ఇపిఎస్ బోర్డుకి ఎపాక్సీ అనే వేరే రెజిన్ మాత్రమే వాడాలి. నేను పగులున్న వైపు కిందకి ఉండేలా నీడలో వారం ఆరబెట్టాను, లోపలికి వెళ్ళిన ఉప్పునీరు కారిపోవాలి కదా. తర్వాత ఎపాక్సీ తెప్పించి, నేనే గుడ్డ వేసి, మాస్కు పెట్టుకుని సానపెట్టాను. ఇప్పటికి ఆరు వారాలైంది, గట్టిగానే ఉంది. కానీ ఈ డిజైన్ ఒడ్డు కెరటాలున్న చోటికి పంపేటప్పుడు ఫిన్ బాక్స్, అంటే ఫిన్‌ని స్క్రూతో బిగించి ఊడదీసుకునే గాడి, పెట్టాల్సింది. నా కోపం నిజమే, తగ్గించి చెప్పను. మే నెల ఎండలో కారులో వదిలేయకండి, అది కూడా వీటికి పడదు.

ఇంకొకటి, వెడల్పు 22 అంగుళాల పావు. నా ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. చంకలో పట్టదు. చేతివేళ్ళు అవతలి అంచుకి అందవు. మొదట్లో గాలికి రోడ్డు మీద తిప్పేసింది. ఇప్పుడు జాలరి ఆడవాళ్ళు చేపల తట్ట మోసినట్టు తువ్వాలు చుట్ట చుట్టుకుని నెత్తిన పెట్టుకుంటున్నాను, చాలా సుఖంగా ఉంది. పొట్టిగా ఉన్న ఆడపిల్లలు ఇది కొనాలనుకుంటే ముందు చంకలో పెట్టుకుని ఒక నిమిషం నడిచి చూడండి.

పెద్ద కెరటాల్లో ఎలా ఉంది? దక్షిణం నుంచి సముద్రం లేచే కాలం మొదలవుతోంది. పోయిన వారం రుషికొండలో భుజాల ఎత్తు వచ్చింది, ఇదే తీసుకెళ్ళాను. కెరటం నిటారుగా లేవగానే ముక్కు గుచ్చుకుంది, రెండుసార్లు. మూడోసారి దిగగలిగాను, అడుగున తిరగబోతే వెడల్పు తోక పట్టు వదిలేసి పక్కకి జారింది. పైగా ఇంత మందం ఉన్నదాన్ని కెరటం కిందకి ముంచి అవతలికి దాటడం నా బరువుతో అయ్యే పని కాదు. నడుము దాటితే ఫిష్, భుజం దాటితే త్రస్టర్. ఇందులో నాకు అనుమానం లేదు.

కొనాలా అని అడుగుతారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు వాడే మెత్తటి ఫోమ్ బోర్డు మీద కెరటం పక్కగోడ వెంట వెళ్ళడం ఇంకా రాకపోతే ఇప్పుడే వద్దు. వచ్చేసి, రెండో బోర్డు కోసం వెతుకుతుంటే మాత్రం త్రస్టర్ దగ్గరికి వెళ్ళకండి, దీని దగ్గరికి రండి. 80 కిలోల వాళ్ళకి ఈ సైజు సరిపోదు, ఐదున్నర అడుగులు దాటి, 40 లీటర్ల పైన అడగండి. ఫిన్ బాక్స్ పెట్టి చేయమనండి, చేతిపని వర్క్‌షాప్ ఏదైనా చేస్తుంది. ఫిన్ పగిలింది, నెత్తిన మోస్తున్నాను, అయినా ఎవరైనా ఇది తిరిగి ఇచ్చేయమంటే నేను ఇవ్వను, డబ్బు కట్టి ఉంచుకుంటాను. వాళ్ళకి ఆ మాట ఫోన్‌లో చెప్పేశాను కూడా.

వచ్చే ఆదివారం ఐదుంపావుకి ఇక్కడే ఉంటాను, ఫిష్, ఇది, రెండూ తెస్తాను. ఈతొచ్చినవాళ్ళు వచ్చి తొక్కి చూడండి. కాలు జారకుండా బోర్డు మీద రాసే వ్యాక్స్ నా దగ్గర ఉంది, బోర్డుని కాలికి కట్టే తాడు, లీష్ మాత్రం మీది మీరు తెచ్చుకోండి. తొమ్మిది దాటితే గాలి లేచి నీళ్ళు చెదిరిపోతాయి, ఆలస్యం చేయకండి. నేను ఇప్పుడు దిగుతున్నాను, సెట్ వస్తోంది, అంటే వరసగా మంచి కెరటాలు.