వర్ణం అయిపోయినా నిండని కుర్చీలు

నమస్కారం అండీ. ఈ వీడియో కోపంలోంచి పుట్టింది. కోపానికి ఏడాది వయసు వచ్చేసింది కాబట్టి అరవను లెండి, నిదానంగానే చెబుతాను.

ఒక్కసారి ఊహించుకోండి. శ్రీరామనవమి రోజులు, బెంగళూరు, సాయంత్రం ఏడు. పందిట్లో పేరున్న విద్వాంసుడి కచేరీ. బయట గుంజలు పట్టుకుని వంద మందికి పైగా నిలబడి ఉన్నారు, అందులో కర్ర పట్టుకున్న ముసలివాళ్లు కూడా. లోపల చూస్తే ముందు మూడు వరసలు ఖాళీ. ప్రతి కుర్చీ వీపుకీ టేపుతో అంటించిన తెల్లకాగితం, దాని మీద 'రిజర్వ్‌డ్' అని. మన ఆర్టీసీ బస్సుల్లో కిటికీలోంచి రుమాలు వేసి సీటు పట్టుకునేవాళ్లు గుర్తున్నారు కదా? రుమాలు వేసినవాడు ఎంత లేదన్నా తోసుకుంటూ వచ్చి ఆ సీట్లో కూర్చుంటాడు. ఇక్కడ కాగితాలే కూర్చున్నాయి, మనుషులు రాలేదు.

ఈ ఊరికి కొత్తగా వచ్చినవాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. మన ఊళ్లలో నవమి అంటే కల్యాణం, పానకం, వడపప్పు. బెంగళూరులో వాటితో పాటు సంగీతం కూడా. చామరాజపేటలో ఎస్.వి. నారాయణస్వామి రావు గారు 1939లో శ్రీ రామసేవా మండలి మొదలుపెట్టారు. ఫోర్ట్ హైస్కూల్ మైదానంలో పెద్ద పందిరి వేసి వారాల తరబడి కచేరీలు పెడతారు. అదొక్కటే కాదు, నవమి వచ్చిందంటే పేటపేటకీ ఏదో ఒక పందిరి, ఏదో ఒక సభ. మా అమ్మ హిందూపురం నుంచి వచ్చిన కొత్తలో దొన్నెలో కోసంబరి పెడితే, "ఇది మన వడపప్పే కదరా, క్యారెట్ తురిమారంతే" అంది. నేను చెప్పబోయేది చామరాజపేట సంగతి కాదు. మా వైపు ఉన్న ఒక చిన్న సభ సంగతి. దాని పేరు చెప్పను. చెబితే అది ఒక్క సభ తప్పనుకుంటారు, కానీ చాలా చోట్ల జరిగేది ఇదే.

ఆ సభవాళ్లు బ్యానర్ కట్టారు. ప్రవేశం ఉచితం, పాసు తప్పనిసరి, ఆదివారం ఉదయం ఏడింటికి ఇస్తారు, ముందు వచ్చినవారికి ముందు, మనిషికి రెండు. నేను ఐదున్నరకే వెళ్లాను. నా ముందు అప్పటికే డెబ్బై మంది దాకా ఉన్నారు. నా ముందున్న మనిషిది అనంతపురం వైపు యాస వినిపించి పలకరించాను. ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చాడట. "పాట అంటే అంత ఇష్టమా?" అని అడిగాను. నవ్వాడు. "నాకేం తెలుస్తుంది అన్నా, పైన ఫ్లాట్ సార్ నిలబడమన్నాడు, రెండొందలు ఇస్తాడు. కచేరీ టయానికి నాకు గేటు డ్యూటీ" అన్నాడు.

"ఇష్టం ఉన్నవాడు పొద్దున్నే లేచి లైన్లో నిలబడతాడు, వాడికే దక్కాలి" అనే మాట నేనూ చాలాసార్లు అన్నాను. ఆ రోజు తర్వాత అనడం మానేశాను. లైన్ ఇష్టాన్ని కొలవదు. ఎవరి మోకాళ్లు గట్టివో, ఎవరికి సెలవుందో, ఎవరి దగ్గర వేరేవాళ్లను నిలబెట్టే రెండొందలున్నాయో, దాన్ని కొలుస్తుంది. మా అమ్మకు అరవై ఎనిమిదేళ్లు, త్యాగరాజు పాట వినిపిస్తే కుక్కర్ విజిల్ కూడా వినపడదు. ఆవిడ రెండు గంటలు నిలబడలేదు. మరి ఆవిడ ఇష్టం తక్కువా?

సరే, కౌంటర్ ఏడింటికి తెరిచారు. యాభై ఐదో మనిషి దగ్గర మూసేశారు. "అయిపోయాయి" అన్నారు, అంతే. నేను అప్పుడు పెద్దగా బాధపడలేదు, నా కంటే ముందొచ్చినవాళ్లు తీసుకున్నారు కదా అనుకున్నాను. కచేరీ రోజు పాసు లేకుండానే అమ్మని తీసుకెళ్లాను, బయటి నుంచైనా వినొచ్చని. అమ్మని వాళ్లెవరో ఇచ్చిన స్టూలు మీద కూర్చోబెట్టి, ఊరికే ఉండలేక కుర్చీలు లెక్కపెట్టాను. ఇరవై వరసలు, వరసకి ముప్పై. ఆరు వందలు. కౌంటర్లో ఇచ్చినవి యాభై ఐదు రెళ్లు నూట పది. మిగిలిన నాలుగు వందల తొంభై పాసులు ఆ ఆదివారం పొద్దున ఏడు కాకముందే ఎవరి చేతుల్లోకో వెళ్లిపోయాయి!

అసలు సంగతి ఇక్కడుంది. లైన్ మంచిదా, లాటరీ మంచిదా, ఆన్‌లైన్ మంచిదా అని మనం కొట్టుకుంటాం. ఆ కొట్లాటంతా నూట పది సీట్ల మీదే. నాలుగు వందల తొంభై సీట్ల గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే అవి ఉన్నాయని బ్యానర్ మీద రాయలేదు కాబట్టి.

కచేరీ సాగుతోంది. కచేరీలో మొదట పాడే వర్ణం అయింది. రెండు కీర్తనలు అయ్యాయి. మూడు వరసలూ అలాగే ఉన్నాయి. వాలంటీరు కుర్రాడిని అడిగితే, "ఇంకా వస్తారండీ" అన్నాడు. పాపం వాడి తప్పేం లేదు. రాగం, మెయిన్ కీర్తన కూడా అయ్యాక మృదంగం వాళ్లు పాట లేకుండా విడిగా వాయించే తని ఆవర్తనం మొదలైంది. తని మొదలైతే లోపలున్నవాళ్లే కాఫీకి లేస్తారు, ఇక కొత్తవాళ్లు ఎక్కడొస్తారు? ఆ సాయంత్రం పాడిన వాటిలో ముప్పాతిక వంతు తెలుగే. ఆ మాటలు అర్థమయ్యే మా అమ్మ బయట స్టూలు మీద ఉంది, అది వేరే సంగతి. ఆ కీర్తనలు రాసిన త్యాగయ్య గారు ఉంఛవృత్తి చేసుకుంటూ, అంటే ఇంటింటా భిక్ష తీసుకుంటూ, తిరువయ్యారు వీధుల్లో పాడినప్పుడు ఏ అరుగు మీదా 'రిజర్వ్‌డ్' కాగితం అంటించి ఉండరు.

కచేరీ అయ్యాక కమిటీ పెద్దాయన కనిపిస్తే అడిగేశాను. ఆయన కోప్పడలేదు. "ఏమప్పా, షామియానా ఎవరు కట్టించారు? మైకు సెట్టు డబ్బు ఎవరిచ్చారు? విద్వాంసుడికి తాంబూలంలో పెట్టిన కవరు నువ్విచ్చావా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. నిజమే కదా. దాతలు లేకపోతే కచేరీయే లేదు. వాళ్లకి ముందు వరస ఇవ్వడం తప్పని నేను అనను. టికెట్ పెట్టి అమ్మినా ఒప్పుకుంటాను, సంగీతం ఊరికే రాదు. కానీ ఎన్ని సీట్లు దాతలకి, ఎన్ని మెంబర్లకి, ఎన్ని బయటివాళ్లకి అని ఒక అట్టముక్క మీద రాసి గేటుకి తగిలించడానికి ఏమొచ్చింది? బయటివాళ్లకి నూట పదే అని ముందే తెలిస్తే నేను ఇంట్లో పడుకునేవాడిని. ఆ వాచ్‌మన్ కూడా డ్యూటీ దిగాక ఇంటికెళ్లి నిద్రపోయేవాడు.

ఇది చిన్న విషయమని మీకు అనిపించవచ్చు. 2025లో రెండు సంగతులు గుర్తు చేసుకోండి. జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం చేరిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు పోయారు. జూన్ 4న మన బెంగళూరులోనే, చిన్నస్వామి స్టేడియం బయట పదకొండు మంది పోయారు. ఆ రోజు పాసులున్నాయో లేవో, ఎవరిని లోపలికి పంపుతారో తెలియని గందరగోళం. సీట్లు తక్కువ కావడం ఒక సమస్య. ఎన్ని ఉన్నాయో, ఎలా ఇస్తారో చెప్పకపోవడం దానికంటే పెద్ద సమస్య. మా పేట కచేరీలో ఎవరికీ ఏమీ కాలేదు, నాకు కాళ్లు నొప్పి పుట్టాయి అంతే. కానీ జబ్బు అదే.

తిరుపతి ఘటన తర్వాత దేవస్థానం వాళ్లు మరుసటి వైకుంఠ ఏకాదశికి మొదటి మూడు రోజుల టోకెన్లు ఈ-డిప్‌లో, అంటే ఆన్‌లైన్ లాటరీలో, ఇచ్చారు. డిప్ మనకు కొత్తేం కాదు. సుప్రభాతం, తోమాల, అర్చన లాంటి సేవలకు నెలల ముందే పేరు వేసి ఎదురుచూస్తాం. మా ఇంట్లో ఎన్నిసార్లు వేశామో లెక్కలేదు, ఒక్కసారీ తగల్లేదు. అయినా ఎవరినీ తిట్టుకోలేదు. "స్వామి ఇంకా పిలవలేదు" అనుకుని ఊరుకున్నాం. లాటరీలో ఓడిపోయినా మనిషికి అవమానం ఉండదు. కౌంటర్ మొహం మీద మూసేస్తే ఉంటుంది. డిప్‌లో కిటుకులు లేవని కాదు, ఇంట్లో ఆరుగురి ఆధార్ ఉన్నవాడికి ఆరు ఛాన్సులు. అయినా దాని కోసం రెండొందలిచ్చి మనిషిని నిలబెట్టే పని లేదు.

ఆన్‌లైన్లో ముందు క్లిక్ చేసినవాడికే ఇద్దామంటారా? తత్కాల్ టికెట్ తీసినవాళ్లని అడగండి. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, ఇంట్లో ఫైబర్ ఉంది, నాకు దొరుకుతుంది. మా పక్కింటి పెద్దావిడకు ఓటీపీ వచ్చే లోపల అయిపోతుంది. అది కూడా లైనే, కాకపోతే అందులో మోకాళ్ల బదులు నెట్ స్పీడ్ ఉంటుంది.

అమెరికాలో ఒక పద్ధతి ఉంది, అందులో ఒక ముక్క నాకు బాగా నచ్చింది. యూటా రాష్ట్రంలో సాల్ట్ లేక్ సిటీలో టాబర్నకిల్ క్వాయర్ అని ఒక చర్చి గాయక బృందం ఉంది. ఏటా డిసెంబరులో క్రిస్మస్ కచేరీ చేస్తారు. హాల్లో 21,000 సీట్లు, టికెట్ ఉచితం. అన్ని సీట్లున్నా చాలవు, అందుకని ముందే పేర్లు తీసుకుని లాటరీ వేస్తారు. నాకు నచ్చింది లాటరీ కాదు. టికెట్ తగలనివాళ్లు కచేరీ రోజు స్టాండ్‌బై లైన్లో నిలబడవచ్చు, లోపల ఖాళీ మిగిలితే వాళ్లని పంపిస్తారు. అంటే టికెట్ ఉన్నవాడు రాకపోతే ఆ కుర్చీ వాడి కోసం రాత్రంతా ఎదురుచూడదు.

ఇంటికొచ్చాక నేను ఒక పేజీ రాశాను, తెలుగులో ఒకటి, కన్నడంలో ఒకటి. కన్నడం మా ఆవిడ దిద్దింది. లెక్క బోర్డు పెట్టండి. బయటివాళ్ల పాసులకు లైన్ కాకుండా, ఎనిమిదింటి లోపు వచ్చిన అందరి పేర్లూ ఒక బిందెలో వేసి ఒక పిల్లవాడి చేత చీటీలు తీయించండి. వర్ణం అయ్యేసరికి రిజర్వు కుర్చీలో మనిషి లేకపోతే ఆ కుర్చీ బయట నిలబడ్డవాళ్లకి వదిలేయండి. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. బోర్డు దగ్గర "చూద్దాం" అన్నారు. ఆయన 'చూద్దాం' అంటే ఏమిటో మా పేటలో అందరికీ తెలుసు. చీటీల మీద పెన్నుతో అడ్డంగా గీత కొట్టేశారు. వర్ణం మాట దగ్గర మాత్రం ఆగి, "ఇది న్యాయమేనప్పా, ఒప్పుకుంటాను. కానీ దాతలు ఆలస్యంగా వచ్చి నా కుర్చీ ఏదంటే ఎవరు చెప్పాలి? నువ్వే చెప్పు" అన్నారు.

కాబట్టి ఈ నవమికి ఆ మూడు వరసల దగ్గర బ్యాడ్జి పెట్టుకుని నిలబడే వాలంటీరుని నేనే. వర్ణం అవ్వగానే కాగితాలు పీకి జనాన్ని లోపలికి పంపాలి, ఆ తర్వాత వచ్చిన దాతల చేత తిట్లు తినాలి. అప్పుడే మొహమాటపడుతూ, అమ్మకి ఒక పాసు ఏమైనా దొరుకుతుందా సార్ అని అడిగాను.

"ఆదివారం పొద్దున ఏడింటికి ఇస్తాం, లైన్లో నిలబడు" అన్నారు.