దీవిల పిట్టల లెక్క: వాలంటీర్‌గ పోయేముందు

తమ్ముడు: నమస్తే, హన్మకొండ నుంచి మాట్లాడుతున్నం. అక్కా, బ్రిటన్ దీవుల్ల బర్డ్ అబ్జర్వేటరీలకు, అంటె పిట్టల్ని గమనించి లెక్క రాసే కేంద్రాలకు, వాలంటీర్‌గ పోవాలంటె ముందు ఏం నేర్చుకోవాలె?

అక్క: లెక్కపెట్టుడు. పిట్టను చేతుల పట్టుకునుడే పని అనుకుంటరు, గని రోజూ ఒకటే దారిల తిరిగి కనబడ్డయన్ని రాసుడే అసలు పని. బ్రిటన్‌ల మొదటిది వేల్స్ దిక్కు స్కోఖోమ్ దీవిల, 1933ల షురువైంది. ఏండ్లకేండ్లు ఒక్క తీరుగ రాస్తెనే ఏ జాతి తగ్గుతుందో ఎరుకైతది. ఏం కనబడని రోజు గూడ రాయాలె.

తమ్ముడు: మరి పిట్టల పట్టే వల?

అక్క: మిస్ట్ నెట్ అంటరు. నల్లటి సన్నదారం, చిన్న పిట్టలకైతె 16 మిల్లీమీటర్ల కన్ను. అడ్డంగ తాళ్లుంటయి, వాటి నడుమ వల సంచి లెక్క వేలాడాలె. పిట్ట తగిలి అండ్ల పడ్తది. బిర్రుగ గుంజి కడితె తగిలి ఎగిరిపోతది. కింది సంచి గడ్డికి తాకితె మంచుకు తడిసి పిట్ట సల్లవడ్తది. 20–30 నిమిషాలకోసారి చూడాలె, ఎండ కొడితె ఇంకా జల్ది. వానొస్తె, గాలి లేస్తె వల మూసుడే.

తమ్ముడు: చిక్కినదాన్ని ఎట్ల తియ్యాలె?

అక్క: ఏ పక్కకెళ్లి వచ్చి పడ్డదో ముందు గది చూడాలె. అది తెల్వకుంట చెయ్యి పెడితె చిక్కు ఇంకింత బిగుసుకుంటది. మామూలుగ ముందు కాళ్లు, తర్వాత రెక్కలు, ఆఖరుకు తల. వీపు అరచేతికి ఆనాలె, మెడ చూపుడువేలికి, నడిమివేలికి నడుమ ఉండాలె. రొమ్ము మాత్రం ఒత్తొద్దు! పిట్టకు మనలెక్క డయాఫ్రం, అంటె రొమ్ము కింద ఊపిరి ఆడించే కండరం, ఉండది, రొమ్ము ఆడితెనే ఊపిరి ఆడుతది. నోరు తెరిచి ఎగపోస్తుంటె కొలతలన్ని పక్కకు పెట్టి ఇడిసిపెట్టాలె. లెక్కకన్న పిట్ట ముఖ్యం.

తమ్ముడు: రింగు?

అక్క: గుడ్డసంచిల తెచ్చి, జాతికి తగ్గ సైజు నంబరు రింగును ప్లయర్‌తోని కాలికి మూస్తరు. కొనలు రెండు సరిగ్గ కలవాలె. సందుంటె గడ్డిపోచ ఇరుక్కుంటది, ఒకదాని మీదొకటి ఎక్కితె కాలు ఒరుసుకపోతది. అటెంక రెక్క పొడవు, బరువు. కొత్తోళ్లకు ముందుగాల రాసే పనే ఇస్తరు. నంబరు రాసి మళ్ల పైకి చదవాలె. ఒక్క అంకె తప్పితె అది ఇంకో పిట్టయితది.

తమ్ముడు: ఇక్కడ ప్రాక్టీస్?

అక్క: వల జోలికి పోవద్దు. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుంట పిట్టల పట్టుడు నేరం. లెక్క నేర్వాలంటె పాకాల చెరువు చాలు. 8 ఇంటు 42 బైనాక్యులర్ (8 రెట్లు పెద్దగ చూపేది, ముందటి అద్దం 42 మిల్లీమీటర్లు) తీస్కపో. గుంపుల ముందు పది బాతుల్ని ఒక్కొక్కటిగ లెక్కపెట్టు, ఆ పది ఎంత జాగ ఆక్రమించినయో కంట్ల పెట్టుకో, గుంపు పొడుగూత గదే కొలతతోని పో. ఒక్క దిక్కు దగ్గరదగ్గర కూసుంటయి, ఇంకో దిక్కు పలుసగ ఉంటయి, అందుకె కొలత మధ్యల మార్చుకోవాలె. రెండుసార్లు లెక్కపెట్టి చూసుకో. జనవరిల ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్, అంటె నీటిపిట్టల లెక్క, అయితది, అండ్ల చేరితె తెలిసినోళ్ల పక్కన నేర్సుకోవచ్చు.

తమ్ముడు: పడవ ఎక్కేముందు?

అక్క: బ్యాగులన్ని దులుపాలె, తిండి గట్టి మూత డబ్బాలల్ల పెట్టాలె. స్కోఖోమ్‌ల మాంక్స్ షీర్‌వాటర్లనే సముద్రపు పిట్టలు నేల బొరియలల్ల గుడ్లు పెడ్తయి. అందుకె బాట ఇడిసి నడువొద్దు, బొరియ కూలుతది. సూలుతోని ఉన్న ఎలుక ఒక్కటి సామాన్ల దీవి ఎక్కినా ఆ గుడ్లకు, పిల్లలకు గండమే.