కేకు మీద గులాబీ: కురొసావా పెళ్లి సీను నుంచి స్క్రీన్‌ప్లే పాఠం

నమస్కారం అండి. మొదటి సీన్‌లోనే పది మంది పాత్రల్ని దించాలి. ఎవరి హోదా ఏంటో, ఎవరు ఎవరికి భయపడుతున్నారో తెలియాలి. ఐదేళ్ల కిందట జరిగిన ఒక చావు గురించి కూడా చెప్పాలి. ఫ్లాష్‌బ్యాక్ లేదు, వాయిస్ ఓవర్ లేదు. ఎలా రాస్తారు?

ఈ చిక్కుముడిని జపాన్ దర్శకుడు అకిరా కురొసావా 1960లో ఎలా విప్పారో ఈ రోజు చూద్దాం. సినిమా జపనీస్ పేరు 'వరుయి యత్సు హొదో యొకు నెమురు'. ఎంత చెడ్డవాడైతే అంత హాయిగా నిద్రపోతాడని అర్థం. కథ చివరిదాకా చెప్పేస్తాను. ముందు సినిమా చూడాలనుకునేవాళ్లు ఇక్కడే ఆపండి. రెండున్నర గంటల సినిమా, చూసొచ్చి మళ్లీ మొదలెట్టండి.

మిగతావాళ్లు పెన్నూ కాగితం తెచ్చుకోండి.

ముందు కథ రెండు ముక్కల్లో. భూముల అభివృద్ధికి పెట్టిన ఒక ప్రభుత్వ కార్పొరేషన్. దాని ఉపాధ్యక్షుడు ఇవబుచి. ఆయన కింద మొరియామా, ఆయన కింద కాంట్రాక్టులు చూసే షిరాయి, షిరాయి కింద వాడా. కాంట్రాక్టు ఒక నిర్మాణ కంపెనీకి పోతుంది, కమీషను వెనక్కి వస్తుంది. బయటపడే రోజు వస్తే కింది ఉద్యోగి ఆత్మహత్య చేసుకుంటాడు, కేసు అక్కడితో ఆగిపోతుంది. జపాన్‌లో దీనికి ఒక మాటుంది, 'బల్లి తోక తెంపడం' అని. తోక పోతుంది, బల్లి బతుకుతుంది. అలా తెగిన తోక ఫురుయా. ఐదేళ్ల కిందట ఆఫీసు ఏడో అంతస్తు కిటికీలోంచి దూకి చనిపోయాడు. నిషి ఆయన కొడుకే, పెళ్లి కాకుండా పుట్టిన కొడుకు. పగ తీర్చుకోవడానికి పేరు మార్చుకుని ఇవబుచికి సెక్రటరీగా చేరి, ఇప్పుడు ఆయన కూతుర్నే పెళ్లి చేసుకుంటున్నాడు.

ఇదంతా మొదట్లో మనకి తెలియదు. మనకి తెలిసిందల్లా ఒక పెళ్లి విందు.

సుమారు ఇరవై నిమిషాల సీను ఇది. మొదటిసారి సౌండ్ తీసేసి చూడండి. లిఫ్ట్ తలుపులు తెరుచుకోగానే విలేకరుల గుంపు బిలబిలమంటూ బయటికొస్తుంది. పెళ్లికి ఇంతమంది విలేకరులెందుకు? ఈ ప్రశ్న మీ బుర్రలో పడగానే సగం పని అయిపోయినట్టే. ఇక వాళ్లు గోడవారన నిలబడి, ఎవరు ఎవరో ఒకరికొకరు చెప్పుకుంటుంటారు. రచయిత మనకి చెప్పాల్సింది వాళ్ల గుసగుసల్లోకి వెళ్లిపోయింది. అదీ కుతూహలంతో చెప్పుకుంటారు కాబట్టి పాఠం అప్పజెప్పినట్టుండదు. ఈలోగా పోలీసులొచ్చి వాడాని తీసుకుపోతారు. విందు మాత్రం ఏమీ జరగనట్టు సాగుతుంది.

పెళ్లికూతురు యోషికోకి కాలు కుంటి. నడుస్తూ తూలితే అన్న తత్సువో పట్టుకుంటాడు. తర్వాత ఆ అన్నే లేచి మాట్లాడుతూ, నా చెల్లెల్ని బాధపెడితే చంపేస్తానని పెళ్లికొడుకుతో అందరి ముందూ అంటాడు. ఆ ఇంట్లో ప్రేమ ఎక్కడుందో, భయం ఎక్కడుందో ఆ ఒక్క మాటతో తెలుస్తుంది.

ఇప్పుడు కేకు. అసలు కేకు కోయడం అయిపోయింది. ఇంకోటి బండి మీద తోసుకొస్తున్నారు. పూలూ లతలూ కాదు, అదొక ఆఫీసు భవనం ఆకారం. వరసగా కిటికీలు. ఏడో అంతస్తులో ఒక కిటికీకి ఎర్రగులాబీ గుచ్చి ఉంది. బ్లాక్ అండ్ వైట్ సినిమా, ఎరుపు మనకి కనిపించదు, అయినా కళ్లు అక్కడే ఆగిపోతాయి.

ఇక్కడ పాజ్ చెయ్యండి. కేకుని వదిలేసి మొహాలు చూడండి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నారని మనం అంటాం కదా, అచ్చంగా అదే. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. ఒక మిఠాయి లోపలికి వచ్చిందంతే. ఎవరి ముఖంలో రంగు మారిందో వాళ్లే దోషులు. నేను ఈ వీడియో చేస్తున్నది ఈ ఒక్క షాట్ కోసం. నేరం చూపించడానికి కురొసావా కిటికీ దగ్గరకి వెళ్లలేదు. ఆ నేరం గుర్తొచ్చినవాళ్ల ముఖాల దగ్గరకి వెళ్లారు.

మరి హీరో ఏడి? నిషిగా వేసిన తొషిరో మిఫూనే కళ్లజోడు పెట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, ఈ సీనంతా దాదాపు మౌనంగా కూర్చుంటాడు. అంత పెద్ద స్టార్‌ని తెర మీద పెట్టి దాచేశారు. ఈ ధైర్యం మీ స్క్రిప్ట్‌లో ఉందా, ఒకసారి చూసుకోండి.

ఇదే పద్ధతి ఇంకో చోట. వాడాని చనిపొమ్మని పైవాళ్లు సూచించారు. ఆయన అగ్నిపర్వతం దగ్గరికి వెళ్తే నిషి ఆపుతాడు. లోకం దృష్టిలో వాడా చనిపోయాడు. నిషి ఆయన్ని కారులో కూర్చోబెట్టి, ఆయన అంత్యక్రియలు ఆయనకే దూరం నుంచి చూపిస్తాడు. భార్యా కూతురూ ఏడుస్తున్నారు, అధికారులు ఫొటో ముందు తల వంచుతున్నారు. అప్పుడు నిషి టేప్‌రికార్డర్ నొక్కుతాడు. నైట్‌క్లబ్‌లో హుషారైన సంగీతం మధ్య, వాడా చావుతో పీడ విరగడైందని మొరియామా, షిరాయి మాట్లాడుకుంటున్న గొంతులు. కళ్ల ముందు చావు, చెవిలో పాట. అప్పటిదాకా యజమానుల మీద పిసరంత విశ్వాసం మిగుల్చుకున్న మనిషి మన ముందే విరిగిపోతాడు. షార్ట్ ఫిలిం తీసేవాళ్లకి ఇది పెద్ద వరం. దీనికి కావాల్సింది ఒక కారు, ఒక రికార్డింగ్. ఖర్చేమీ లేదు.

మధ్యలో, యుద్ధంలో కూలిపోయిన ఫ్యాక్టరీ శిథిలాల్లో మొరియామాని నిషి బంధించిన భాగం కాస్త సాగుతుంది. నాకైతే అక్కడ మాటలు ఎక్కువయ్యాయనిపిస్తుంది. కానీ మొరియామాగా తకాషి షిమురాని చూడండి. కురొసావాదే ఇంకో సినిమా 'సెవెన్ సమురాయ్'లో మనం నమ్మిన ఆ పెద్దాయన ముఖమే ఇక్కడ దొంగ ముఖం.

చివరకి రండి. ఇవబుచి కూతురికి మాయమాటలు చెప్పి నిషి ఎక్కడున్నాడో రాబడతాడు. నిషిని చంపేస్తారు. ఎలా? మనం చూడం. ఒంట్లోకి ఆల్కహాల్ ఎక్కించి, కారులో పెట్టి, రైలు పట్టాల మీద వదిలేశారని స్నేహితుడు ఇతకురా అరుస్తూ చెబుతాడు. రెండు గంటలు మనం వెంట నడిచిన మనిషి చావు మన కళ్ల ముందు జరగలేదు. మొదటిసారి చూసినప్పుడు నాకు మోసపోయినట్టనిపించింది. రెండోసారి అర్థమైంది, ఫురుయా చావు కూడా ఆయన కొడుక్కి ఇలాగే కబురుగానే చేరి ఉంటుంది.

ఆఖరి షాట్‌లో ఇవబుచి ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. అవతల ఎవరో మనకి కనిపించరు, వినిపించరు. ఇవబుచి మాత్రం ఫోన్‌కే వంగి వంగి దండాలు పెడుతున్నాడు. కొడుకూ కూతురూ ఆయన్ని వదిలేసి వెళ్లిపోయారు. పెట్టేసే ముందు 'గుడ్ నైట్' అంటాడు. అప్పుడు తెల్లవారింది. రాత్రంతా నిద్రలేక పగలూ రాత్రీ తికమక పడ్డానని సర్దుకుంటాడు.

మీ అభ్యాసం ఇది. ఒక గది, ఆరుగురు మనుషులు, లోపలికి వచ్చే ఒక వస్తువు. ఒకటిన్నర పేజీ రాయండి. ఆ వస్తువు గురించి ఎవరూ ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. వచ్చే వీడియోలో ఈ సీన్‌లో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో బొమ్మ గీసి చూద్దాం.