క్రోనోగ్రాఫ్ గడియారాలు: కొలత, పనితనం, విలువ

సభకు నమస్కారం. భక్తులు తిరుమల హుండీలో సమర్పించిన చేతి గడియారాలను దేవస్థానం వేలం వేస్తుందని తిరుపతివాసులకు నేను చెప్పనక్కరలేదు. అక్కడ కొన్నా, లక్షలు పోసి దుకాణంలో కొన్నా, మనం ముందుగా చూసేది డయల్ మీది పేరు, ఆ తరువాత కేసు, అంటే గడియారపు పైడొల్ల, వెడల్పు. మెకానికల్ క్రోనోగ్రాఫ్ విషయంలో ఆ రెండూ చాలవని నా అభిప్రాయం.

క్రోనోగ్రాఫ్ అంటే స్టాప్‌వాచ్ కూడా ఇమిడి ఉన్న గడియారం. ఆ అదనపు యంత్రాంగం వల్ల మందం పెరుగుతుంది. ఒమేగా స్పీడ్‌మాస్టర్ ప్రొఫెషనల్ వెడల్పు 42 మిల్లీమీటర్లు, రోలెక్స్ డేటోనాది 40. అయితే చేతికి అమరడమన్నది ఈ అంకెల కంటే మందం మీద, పట్టీ బిగించే కొమ్ముల కొన నుంచి కొనకు ఉండే పొడవు మీద ఎక్కువగా ఆధారపడుతుంది. కొమ్ములు మణికట్టు దాటితే ఎంత ఘనమైన గడియారమైనా ఆ చేతికి పెద్దదే.

ఇక పనితనం. శ్రీకాళహస్తిలో వెదురు కలంతో గీసిన కలంకారీ గీతను దగ్గరగా చూసినవారికి నేను చెప్పబోయేది సులువుగా అర్థమవుతుంది. జర్మనీలోని గ్లాస్‌హ్యూటెలో తయారయ్యే లాంగే సంస్థ వారి డేటోగ్రాఫ్ అనే క్రోనోగ్రాఫ్ 1999లో వచ్చింది. దాని వెనుక గాజులోంచి చూస్తే ప్రతి మీట అంచూ ఏటవాలుగా చెక్కి మెరుగుపెట్టి కనిపిస్తుంది. తిరిగే పనిముట్టు లోపలి మూలను గుండ్రంగానే వదులుతుంది. రెండు అంచులు పదునుగా కలిసే మూల కావాలంటే మనిషి ఆకురాయి పట్టి ఓపికగా అరగదీయవలసిందే. నేను డబ్బు పెట్టదగినదిగా భావించేది ఆ మూలనే. స్టాప్‌వాచ్‌ను నడిపి ఆపే స్తంభాల చక్రం, అంటే కాలమ్ వీల్, ఉంటేనే గొప్ప అన్న మాటను మాత్రం ఒప్పుకోను. 1968లో స్పీడ్‌మాస్టర్ దాన్ని వదిలి అదే పని చేసే, తయారీకి సులువైన కామ్ అనే పలకకు మారినా, ఆ యంత్రం ఎంతో నమ్మకంగా పనిచేసింది.

ధర వేరు, విలువ వేరు. నటుడు పాల్ న్యూమన్ ధరించిన డేటోనా 2017లో న్యూయార్క్ వేలంలో కోటీ 77 లక్షల డాలర్లకు పైగా పలికింది. అది ధరించినవారి పేరుకు పడిన వెల. 1988 నుంచి 2000 వరకు డేటోనాలో ఉన్నది మరో గడియారాల సంస్థ జెనిత్ వారి ఎల్ ప్రిమెరో అనే యంత్రం ఆధారంగా రూపొందినదే; గంటకు 36,000 ఉన్న దాని స్పందనలను, అంటే టిక్కులను, రోలెక్స్ 28,800కు తగ్గించి, మరెన్నో మార్పులు చేసి వాడుకుంది. పేరు కంటే యంత్రాన్ని ప్రేమించేవారు ఆ కాలపు జెనిత్ గడియారాలను కూడా తప్పక పరిశీలించాలి. కొనేముందు బటన్ నొక్కి, సెకన్ల ముల్లు తడబడకుండా కదులుతుందో లేదో చూడండి. సర్వీసుకు ఎంత అవుతుందో, ఎక్కడికి పంపాలో కూడా అప్పుడే అడగండి.