తునికాకు ఎవరిది, ఆకు డబ్బు ఎవరిది?

సభకు వచ్చిన పెద్దలకు, అక్కాచెల్లెళ్లకు నమస్కారం.

ఆర్థిక వ్యవస్థలకూ స్త్రీల సమానత్వానికీ ఉన్న సంబంధం గురించి మాట్లాడమన్నారు. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మన సిరోంచ ప్రాంతంలో ఆ పాఠం, బీడీలు చుట్టే తునికాకును కొనే కల్లం దగ్గరే దొరుకుతుంది. ఒకప్పుడు ఆకు కాంట్రాక్టర్లది. 1969 నాటి మహారాష్ట్ర చట్టంతో ఆ వ్యాపారం ప్రభుత్వం అదుపులోకి వెళ్లింది. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక గడ్చిరోలి జిల్లాలో అనేక గ్రామసభలు తామే వేలం పెట్టి అమ్ముకుంటున్నాయి. ప్రైవేటు పెట్టుబడి, సర్కారు అజమాయిషీ, ఊరుమ్మడి హక్కు అనే మూడు పద్ధతులనూ ఒకే ఆకు చూసింది. ఏ పద్ధతిలోనైనా చీకటితో లేచి, వంట ముగించి, అడవికి పోయి ఆకు కోసుకొచ్చి, నీడన కూర్చుని కట్టలు కట్టి, సాయంత్రం కల్లానికి మోసినవారిలో ఎక్కువమంది ఆడవాళ్లే. లెక్క కార్డు మీద పేరు మాత్రం చాలా ఇళ్లలో మగవాడిది.

సొంత ఆస్తే స్త్రీ అణచివేతకు మూలమని 1884లో మార్క్స్ సహచరుడు ఎంగెల్స్ వాదించాడు. అందులో నిజం ఉంది, కానీ అంతా లేదు. రష్యాలో విప్లవం తరువాత 1918 చట్టం భార్యాభర్తలకు సమాన హక్కులిచ్చింది, స్త్రీలు లక్షలాదిగా ఫ్యాక్టరీలకు వెళ్లారు. ఇంటికొచ్చాక పొయ్యి మాత్రం వారికే మిగిలింది. పైగా 1920లో అనుమతించిన గర్భస్రావాన్ని 1936లో అదే ప్రభుత్వం నిషేధించింది. మార్కెట్ వైపు చూస్తే, ఇంటిపనికి ఆటంకం కాకుంటేనే భార్య ఉద్యోగం చేయవచ్చన్న నియమం పశ్చిమ జర్మనీ చట్టంలో 1977 దాకా ఉంది. అంత పెద్ద పరిశ్రమలూ దాన్ని కదిలించలేకపోయాయి.

మన దేశంలో 2019 సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవారు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవారు 97 నిమిషాలు దానికి వెచ్చించారు. అసలు ఆ పనిలో చెయ్యి పెట్టిన మగవారే నూటికి 26 మంది! ఈ శ్రమ ఏ వ్యవస్థ లెక్కల పుస్తకంలోకీ ఎక్కదు కనుకనే, యజమాని మారినా దాని భారం చేతులు మారడం లేదు.

అయినా ఊరుమ్మడి పద్ధతిలో ఒక వెసులుబాటు ఉంది. కాంట్రాక్టరును మనం అడగలేకపోయాం, గ్రామసభలో అడగవచ్చు. పెళ్లయినవారికి అటవీ హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరా ఇవ్వాలని 2006 చట్టమే చెబుతోంది. ఆ చట్టం కింద జరిగే గ్రామసభకు హాజరైనవారిలో మూడోవంతు స్త్రీలు ఉండాలని నియమాలూ చెబుతున్నాయి. భూమికి వర్తించే న్యాయం ఆకుకెందుకు వర్తించకూడదు? వచ్చే సీజనుకు ముందే, ఆకు కోసినవారి పేరనే కార్డు రాయాలని, డబ్బు వారి ఖాతాలోనే వేయాలని, వేలం సొమ్ములో కొంత తీసి కోత రోజుల్లో చిన్నపిల్లలను చూసుకునే మనిషికి కూలి ఇవ్వాలని మన గ్రామసభల్లో తీర్మానం పెట్టమని కోరుతున్నాను.