రెండు వైపులా రావాల్సిన గుణం
(బెంగళూరులో తెలుగువారి ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. సెలవు రోజున హెబ్బాళ ట్రాఫిక్ దాటుకుని ఇంతమంది వచ్చారు. మొక్కజొన్న కోసమా, ఆ తర్వాత పెట్టే పులిహోర కోసమా అని నేను అడగను.

మాది మదనపల్లె దగ్గర పల్లెటూరు. గింజ బాగా కట్టిన మొక్కజొన్న కంకులు నాలుగు ఏరి, పొట్టు జడలా అల్లి మా నాన్న వసారా దూలానికి వేలాడగట్టేవాడు. మరుసటి ఏడు అవే విత్తనాలు. కంటికి ఆనే గుణానికి ఆ పద్ధతి చాలు. కంటికి ఆనని గుణమైతే? ఈరోజు చెప్పబోయేది అదే.

2011లో కెన్యాలోని బోమెట్ ప్రాంతంలో మొక్కజొన్న చేలు ఉన్నట్టుండి పసుపెక్కి, మొవ్వు మాడి ఎండిపోయాయి. కారణం ఒక వైరస్ కాదు, రెండు. ఒకదాన్ని తామర పురుగులు మోసుకొస్తాయి. రెండోది, చాలాచోట్ల, చెరకుకు కూడా సోకే ఒక మొజాయిక్ వైరస్; దాన్ని పేనుబంక తెస్తుంది. ఒక్కటే వస్తే ఎంతో కొంత చేతికొస్తుంది. రెండూ కలిస్తే చేనంతా పోవచ్చు. ఈ జంట తెగులునే మెయిజ్ లీథల్ నెక్రోసిస్ అంటారు.

థాయ్‌లాండ్ నుంచి వచ్చిన కేఎస్23 అనే మొక్కజొన్న రకాల్లో ఈ తెగులును తట్టుకునే గుణం దొరికింది. అందులో పెద్ద భాగం ఆరో క్రోమోజోమ్ మీద ఒకే చోట ఉంది. మెలికంతా ఇక్కడే. ఆ గుణం తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ వస్తేనే పనిచేస్తుంది. ఒక్క వైపు నుంచే వస్తే లోపల ఉంటుంది గానీ బయటపడదు. ఆ గుణాన్ని స్థానిక రకంలోకి తేవడానికి దానితో మళ్ళీ మళ్ళీ సంకరం చేస్తుంటే ప్రతి తరంలోనూ సగం మొక్కల్లో అది దాగి ఉంటుంది. తెగులు సోకిస్తే మాత్రం అన్నీ ఒకేలా జబ్బు పడతాయి. ఏది ఉంచాలి, ఏది పీకాలి?

అందుకే మార్కర్. ఆ జన్యువును అంటిపెట్టుకుని ఉండే డీఎన్ఏ గుర్తు అది. లేత మొక్కకు నంబరు చీటీ కట్టి, కాగితాలకు బెజ్జం వేసే పంచింగ్ మెషీన్ లాంటి దానితో ఆకులోంచి చిన్న బిళ్ళ తీస్తాం. ప్లేటులో 96 గుంటలు, గుంటకో మొక్క. పూత రాకముందే ల్యాబ్ జాబితా వస్తుంది, లేనివి పీకేస్తాం. వేరే పంట మీద పని నేర్చుకునే రోజుల్లో చీటీలు ఒక వరుస జరిగిపోయి, ఉంచాల్సినవే పీకి పారేశాను. ఆ సీజనంతా గోవిందా!

హైబ్రిడ్ అంటే ఇద్దరు తల్లిదండ్రులు కదా. కాబట్టి ఇద్దరిలోకీ ఈ గుణం ఎక్కించాలి. పని రెట్టింపు. చాలామంది మార్కర్ అంటే మంత్రం అనుకుంటారు గానీ, తలా కొంచెమే పనిచేసే జన్యువులు బోలెడు కలిసి ఇచ్చే బలాన్ని ఒకటి రెండు మార్కర్లు పట్టలేవు. పొలంలో పరీక్ష తప్పదు.

పోయినసారి ఒక పెద్దాయన, “బాబూ, ఇది బీటీ పత్తి లాంటిదేనా?” అని అడిగారు. కాదండీ. బయటి జన్యువేదీ ఇందులోకి రాదు. మొక్కజొన్నకూ మొక్కజొన్నకూ పెళ్ళి చేస్తున్నాం, జాతకం మాత్రం ల్యాబ్‌లో చూస్తున్నాం.